దులపకూడని పరుపులు

జూన్ 4, మంగళవారం

ఈ పుస్తకం ఇవాళ మొదలుపెట్టడానికి కారణం మా పిల్ల అదినాయ్. జిల్లా పారిశుద్ధ్య కేంద్రం ప్రయోగశాలలో పనిచేసినన్నాళ్లూ నాకొక నియమం ఉండేది. మొదటి లక్షణం కనబడ్డ రోజే తేదీ వేసి రాయాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాసిందాంట్లో సగం అబద్ధం ఉంటుంది. రిటైరయ్యాక ఇంటి ఖర్చులు తప్ప ఏమీ రాయలేదు. ఇది ఖర్చుల పుస్తకంలో పట్టే సంగతి కాదు. ఎవరికీ చూపించేదీ కాదు.

లక్షణాలు: నిద్రలో దొర్లుతోంది, పళ్లు కొరుకుతోంది, పొద్దున లేస్తూనే చిరాకు. కళ్ల కింద నీలం. రొట్టె బాగానే తింటోంది, ఒంటికి పట్టడం లేదు. ఇవాళ నా ఎదురుగా కూర్చుని చదువుతూ ఇటో పిర్ర మీదికి అటో పిర్ర మీదికి ఒరుగుతోంది.

"నిటారుగా కూర్చో," అన్నాను.

"కూర్చుంటే కుడుతోందమ్మా."

"ఏం కుడుతోంది?"

"నాకేం తెలుసు? నా కళ్లు అక్కడ లేవుగా."

పెద్దవాళ్లతో మాట్లాడే తీరు అదేనా అని మందలించాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి నవ్వుకున్నాను.

కారణం కొత్త సబ్బు కావచ్చు. ఉన్ని చెడ్డీ కావచ్చు. కొండ మీది పచ్చికకు వెళ్లేముందు వాళ్ల తాత జీను లేని గుర్రం మీద తిప్పాడు, ఆ ఒరిపిడి కావచ్చు. నాలుగో కారణం కూడా ఉంది. దాన్ని ఇప్పుడే రాయనక్కర్లేదు.

జిపార్‌కి చెప్పే పని లేదు. మా ఆచారంలో తొలి బిడ్డ తాతా నాయనమ్మలది. నలభయ్యో రోజు దాటగానే నా కొడుకు ఎర్మెక్, కోడలు జిపార్ దీన్ని నా ఒళ్లో పెట్టి నారిన్ పట్నం వెళ్లిపోయారు. అప్పటినుంచీ ఇది నా బిడ్డే. నన్ను అమ్మ అంటుంది, కన్నతల్లిని వదిన అంటుంది, తండ్రిని అన్నయ్య అంటుంది. అందరి ఇళ్లలో జరిగేదే. కానీ ఈ సెప్టెంబరులో దీనికి బడి. వసంతంలో, నౌరుజ్ కొత్త ఏడాది పండగనాడు జిపార్ టీ పోస్తూ, తలెత్తకుండా అడిగింది: "అత్తయ్యా, బడికి మా దగ్గరికి పంపిస్తారా?" ఆగస్టు ఇరవైలోగా చెబుతానన్నాను. ఏం చెప్పాలో అప్పుడే తెలుసు. పంపను.

జూన్ 5

సబ్బు మార్చాను.

జూన్ 7

సబ్బు కాదు. మా కుక్క అక్తోష్‌ను కట్టేశాను. పక్కింటి తుర్దుబూ కంచె మీద మోచేతులు ఆనించి ప్రశ్నలు మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. ఆ బల్ల మీద మొదలుపెట్టిన మాటలు ఇంకా ఆపలేదు.

"ఒసేయ్ జూరా, ఆ కుక్కేం పాపం చేసిందే?"

"పిల్ల దాన్ని వాటేసుకుంటోంది. కుక్కల నుంచి పురుగులొస్తాయి."

"దానికి నెలనెలా మాత్ర వేస్తావు. ఈ ఊళ్లో మనుషుల కడుపులకంటే నీ కుక్క కడుపే శుభ్రం."

నిజమే. పైగా కుక్క నుంచి వచ్చే జబ్బు వేరు. అది కాలేయంలో బుడగలా పెరుగుతుంది, ఇలా దురద పెట్టదు. ఈ ముక్క లోయలోని ప్రతి గొర్రెల కాపరికీ చెప్పింది నేనే. అయినా కట్టేశాను. అది మూతి కాళ్ల మీద పెట్టుకుని నన్నే చూసింది. సాయంత్రం విప్పేశాను.

జూన్ 10

ఇక తప్పలేదు. పిల్ల లేచీ లేవగానే, కడక్కముందే, దొడ్డికి వెళ్లకముందే, అంటుకునే టేపు ముక్కను మలద్వారం పక్కన అద్ది గాజుపలక మీద అతికించాను. మలపరీక్షలో ఈ పురుగు దొరకడం అరుదు. రాత్రిపూట బయటికొచ్చి చర్మం మీద గుడ్లు పెడుతుంది. అందుకే తెల్లవారి టేపు.

ఉద్యోగం వదిలేనాడు వాళ్లిచ్చిన పాత మైక్రోస్కోపు దుమ్ము దులిపాను. చూశాను. ఒక పక్క చదును, ఒక పక్క ఉబ్బు, పల్చటి పెంకు. వరసగా.

నులిపురుగులు. రాసేశాను.

గుడ్లు కనబడగానే మొదట నాకు కలిగింది సంతోషం.

"నేనూ చూస్తా," అని అదినాయ్ స్టూలెక్కింది. "గుడ్లు. ఎవరివమ్మా?"

"పురుగువి."

"నా పురుగా?"

"నీది అనకు."

"నాలో ఉంటే నాదే కదా. మరి ఎవరిది?"

"వదిన వచ్చినప్పుడు ఈ మాట ఎత్తకు," అన్నాను. ఎందుకని అడిగింది. పెద్దవాళ్ల సంగతి అన్నాను.

జూన్ 11

మాత్ర ఆట్‌బాషి సంతలో కొన్నాను. నారిన్‌లో మందుల షాపులో కూర్చునేది నా కోడలే. మన ఊరి నర్సమ్మ దగ్గర తీసుకుంటే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లు గడప గడపకూ తిరిగి చేతులు కడుక్కోండి, గోళ్లు తీసుకోండి అని చెప్పిన మనిషి ఇంట్లో ఇదీ సంగతి అని.

రొట్టె తిన్నాక నమిలించాను. "సున్నంలా ఉంది," అంది. మింగింది.

ఒక్కరికొచ్చినా ఇంటిల్లిపాదీ ఒకే రోజు మాత్ర వేసుకోవాలని బడి గోడ మీద రాయించింది నేనే. కానీ మా ఆయన గుర్రాలతో కొండ మీద ఉన్నాడు. నాకేమీ లేదు. కాబట్టి ఇంటిల్లిపాదీ అంటే అదినాయే.

జూన్ 16, ఆదివారం

నిన్న నారిన్ వాళ్లు వచ్చారు. రెండు వారాలకోసారి వస్తారు. జిపార్ పిండి ముక్కలు కోసి నూనెలో బోర్సోక్‌లు వేయించింది. నేను చేసేవాటికంటే ఉబ్బాయి, ఆ మాట అనలేదు. వాళ్ల మూడేళ్ల కొడుకు తిలెక్ అక్క అదినాయ్‌ను వదలడు. రాత్రి దాని పరుపులోనే దూరాడు. వద్దనవచ్చు. వద్దంటే ఎందుకో చెప్పాలి.

పొద్దున పరుపులు తీసే వేళకి జిపార్ ముందే నిలబడింది.

"అత్తయ్యా, దులపకుండా అలాగే మడిచి ఎండలో వేద్దామా?"

"ఈ ఇంట్లో పరుపులు దులిపే మడుస్తారు."

"అది కాదు, దుమ్మని..."

"దుమ్ము పోవడానికే కదమ్మాయ్ దులిపేది."

దులిపాను. గదిలోనే, ఒక్కొక్కటీ, రోజూ దులిపినట్టే. కిటికీలోంచి పడ్డ ఎండలో దుమ్ము బంగారంలా లేచింది. దులిపితే గుడ్లు లేచి రొట్టెల మీద, ముక్కుల్లో, అన్నిచోట్లా పడతాయని నాకు తెలుసు. కానీ పెళ్లై వచ్చిన నాటినుంచి దులుపుతున్నదాన్ని ఇవాళ ఒక్క మాటకే మానేస్తే ఎందుకు ఒప్పుకున్నానని ఆ అమ్మాయికి అనుమానం వస్తుంది. మడిచి గోడవారన దొంతర పేర్చాను. ఒక్క అంచు బయటికి రాలేదు. ఈ లోయలో నా దొంతర లాంటిది ఇంకొకటి లేదు.

వెళ్లేముందు జిపార్ పిల్ల చెయ్యి పట్టుకుని చూసింది. "గోళ్లు మరీ లోపలికి తీశారే అత్తయ్యా."

"ఎప్పుడూ అంతే."

జూన్ 18

నాకు ఒళ్లు పొడిబారింది. సాయంత్రాలు కాస్త దురద. వయసు. వెన్న రాసుకున్నాను.

జూన్ 25

అదినాయ్‌కి రెండో మాత్ర. మాత్ర పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు. ఆ గుడ్లు పొదిగాక మళ్లీ కొట్టాలి, అందుకే రెండు వారాల తేడా.

ప్రశాంతంగా నిద్రపోతోంది. బుగ్గలకు రంగొచ్చింది. కేసు ముగిసింది.

జూలై 14

ఈ పుస్తకం తెరిచి చాలా రోజులైంది. రాయడానికి జబ్బేమీ లేదు. అయినా రాస్తాను.

ఆప్రికాట్ జామ్ కాచాం. అదినాయ్ గింజలు కొట్టి పప్పు తీసింది. తీసినవి తీసినట్టు తినేసింది. దొరికిపోయి, "చేదుగా ఉన్నాయేమో చూస్తున్నానమ్మా," అంది. "అన్నీ చూడాలా?" "ఒకటి బాగుంటే రెండోది కూడా బాగుంటుందని నమ్మకమేంటి?" ప్రయోగశాలలో నా కింద పనిచేసినవాళ్లకు ఈ మాట నేర్పలేక చచ్చాను.

కథ మొత్తం తడబడకుండా చదువుతోంది. దీన్ని పంపితే ఈ ఇంట్లో నా ఎదురుగా కూర్చుని తప్పులు పట్టేదెవరు?

ఆగస్టు 2

మళ్లీ ఒరుగుతోంది.

ఆగస్టు 3

కుర్చీ గట్టిది. మెత్త వేశాను.

ఆగస్టు 9

బడిలో చేర్చడానికి వైద్య పత్రం కావాలి. దానికి నర్సమ్మే టేపు పరీక్ష చేస్తుంది. "పొద్దున్నే కడక్కుండా తీసుకురండి జూరాకాన్ గారూ. మీకు చెప్పాలా, మాకు నేర్పిందే మీరు," అంది నిన్న.

ఇవాళ పొద్దున వెచ్చని నీళ్లు కాచి పిల్లకు స్నానం చేయించి, ఉతికిన బట్టలు వేసి తీసుకెళ్లాను. శుభ్రంగా ఉండటం నేరం కాదు. టేపులో ఏమీ లేదు. ఉండదు.

దారిలో అదినాయ్, "కడక్కుండా రమ్మంది కదమ్మా," అంది.

"నడువు."

కాసేపు నడిచింది. "ఇది కూడా వదినకు చెప్పకూడని సంగతేనా?"

మంచి పత్రం. ముద్ర స్పష్టంగా పడింది.

ఆగస్టు 13

జిపార్ ఫోన్. ఈ ఆదివారం రాము, పిల్లను కూడా పంపకండి, తిలెక్‌కి జలుబు అంది. వెనకాల వాడి ఏడుపు వినబడింది. రాత్రుళ్లు నిద్రపోవడం లేదంది.

జలుబుకు పిల్లవాడు అలా ఏడవడు.

ఆగస్టు 17, శనివారం

రాత్రి కాదు, మధ్యాహ్నమే రాస్తున్నాను, నారిన్‌లో, ఎర్మెక్ వాళ్ల వంటింటి బల్ల మీద. ఇంట్లో అంతా పడుకున్నారు. జరిగింది జరిగినట్టు రాయాలి.

పిల్లను పంపను అని ముఖం మీదే చెప్పివద్దామని బయల్దేరాను. పత్రం సంచిలో ఉంది. మినీబస్సులో అదినాయ్ నా భుజానికి ఆనుకుని పడుకుంది.

చెప్పకుండా వచ్చామని జిపార్ కంగారుపడింది. టీ పెట్టడానికి వెళ్లింది. సోఫా మీద ఇస్త్రీ చేసిన బట్టల కుప్ప ఉంది. తిలెక్ చెడ్డీలు, బనీన్లు, పక్కదుప్పట్లు, దిండుగలీబులు. అన్నిటికీ పదునైన మడత. నా కోడలు పెళ్లికి వెళుతూ కూడా గౌను ఇస్త్రీ చేసుకోదు. పిల్లాడి చెడ్డీలు ఎందుకు ఇస్త్రీ చేస్తుంది? పొయ్యి మీద పెద్ద గిన్నెలో తువ్వాళ్లు ఉడుకుతున్నాయి. తిలెక్ వేళ్లు చూశాను. గోళ్లు లోపలికంటా తీసి ఉన్నాయి.

"ఎప్పటినుంచి?" అన్నాను.

టీ తెచ్చిన జిపార్ ఏమిటని అడగలేదు. పళ్లెం కింద పెట్టింది. "వసంతం నుంచి, అత్తయ్యా. కిండర్‌గార్టెన్‌లో తగిలించుకున్నాడు. మూడుసార్లు మందిచ్చాను. తగ్గుతుంది, మీ దగ్గరికొచ్చి వెళ్లాక మళ్లీ..." ఆగింది. "అంటే మీ దగ్గర అని కాదు. మావాడే అదినాయ్‌కి అంటిస్తాడని భయపడి చచ్చాను. పరుపులు దులపొద్దన్నది అందుకే. రోజంతా షాపులో కూర్చుని ఊరందరికీ ఇదే మాత్ర అమ్ముతాను, నా ఇంట్లోనే పోగొట్టలేకపోయాను. మీకు తెలిస్తే, పిల్లను పెంచడం చేతకాదు ఇంకొకదాన్ని అడుగుతుందా అంటారని చెప్పలేదు."

అంటాను. సరిగ్గా ఆ మాటే అనేదాన్ని. సంచిలో శుభ్రమైన పత్రం ఉంది. తీసి బల్ల మీద పెడితే చాలు. ఎర్మెక్ కూడా నోరెత్తడు. అదినాయ్ నాకే ఉండిపోతుంది.

అదినాయ్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. తలుపు చెక్కకు నడుము రుద్దుకుంటూ నన్నే చూస్తోంది. నేను చూడగానే రుద్దుకోవడం ఆపేసింది. దగ్గరికొచ్చి నా చెవిలో, "నేను వదినకు ఏమీ చెప్పలేదమ్మా. ఒక్కటి కూడా," అంది. గర్వంగా. ఏదో పద్యం అప్పజెప్పి మెప్పు కోసం చూసినట్టు.

నా కోసం దురదను దాచుకుంటోంది. ఆరేళ్ల పిల్ల.

"జిపార్," అన్నాను, "నీ షాపులో మాత్రలు ఎన్నున్నాయి?"

"ఎన్ని కావాలి?"

"అందరికీ."

అప్పుడు చెప్పాను. మైక్రోస్కోపు, ఆట్‌బాషి సంత, ఒక్కదానికే ఇచ్చిన రెండు మాత్రలు, దులిపిన పరుపులు, వెచ్చని నీళ్ల స్నానం. పత్రం తీసి ఇచ్చాను, చదవడానికి కాదు, చూడటానికి. జిపార్ దాన్ని చేతిలో పట్టుకుని తల వంచింది. ఏడుస్తుందనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోంది.

"ఏమిటి?"

"కాదత్తయ్యా... మీరు అక్కడ చంపారు, నేను ఇక్కడ చంపాను, అవేమో రెండు వారాలకోసారి మినీబస్సెక్కి అటూ ఇటూ చుట్టాలిళ్లకు తిరిగాయి. టికెట్టు కూడా కొనకుండా."

నేనూ నవ్వాను. నేను నవ్వడం చూసి తిలెక్ ఏడుపు ఆపేశాడు. అదినాయ్, "ఇప్పుడు గోక్కోవచ్చా?" అని అడిగింది.

"వద్దు," అన్నాం ఇద్దరమూ ఒకేసారి.

ముందు ఎవరింట్లో మొదలైందో తేలదు. తేల్చుకోవాలనీ లేదు.

ఆగస్టు 19

కంచె దగ్గర తుర్దుబూకు గట్టిగానే చెప్పాను, అవతలి ఇంటికి కూడా వినబడేలా. మా ఇంట్లో నులిపురుగులు, మీ మనవలనీ చూసుకో అని.

"మా వాళ్లకు మే నెలలోనే వచ్చాయి, పోయాయి కూడా," అంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"నీకా? ఒక పాఠం చెప్పి, నా వంటిల్లు తనిఖీ చేసి, నా చేతులు నువ్వే కడిగి వెళ్తావు. నీ పరుపుల దొంతర చూస్తేనే జనానికి గొంతు పెగలదు, పురుగుల మాట ఎవరెత్తుతారే?"

ఆలోచించవలసిన మాట. ఇన్నేళ్లూ ఈ లోయలో కేసులు తగ్గిపోయాయనుకున్నాను. నా దగ్గరికి రావడం తగ్గిందేమో.

తర్వాత అడిగింది: "పిల్లను పంపుతున్నావా?"

అప్పటికి నేను ఎవరికీ చెప్పలేదు. "పంపుతున్నాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తుర్దుబూ ఏ వెక్కిరింపూ చేయలేదు. కంచె మీదుగా ఒక గిన్నెడు పెరుగు అందించింది.

పంపేది పురుగుల వల్ల కాదు. అవి రెండు మాత్రలతో పోతాయి. దాన్ని ఉంచుకోవడం కోసం దానికి నేను నేర్పింది ఏమిటో గుమ్మం దగ్గర చూశాను, అందుకు. జిపార్ దగ్గర అది ఏదీ దాచనక్కర్లేదు. వేసవి సెలవులు నావే. సాయంత్రం ఫోన్‌లో ఆ మాట జిపారే ముందు అంది.

ఆగస్టు 21, బుధవారం

అదినాయ్ బడి సంచి సర్దుకుని తీస్తోంది, మళ్లీ సర్దుతోంది. నారిన్‌లో కుక్క ఉంటుందా అని అడిగింది. ఉండదన్నాను. "అయితే అక్తోష్‌కి నెల మాత్ర మర్చిపోకు," అని నాకే చెప్పింది. సాయంత్రం ఎండ దొంతర మీద పడుతోంది. ఇవాళ దులపలేదు. కాస్త వంకరగా ఉంది. చూడగా చూడగా అలవాటవుతోంది.

ఇక జరగవలసినవి:

1. కొండ మీదికి ఆయనకు కబురు పంపాలి. శుక్రవారం సాయంత్రానికి దిగి రావాలి. ఎందుకని అడిగితే నిజమే చెప్పించాలి. గుర్రాలను తుర్దుబూ కొడుకు చూస్తాడు.

2. ఆగస్టు 23, శుక్రవారం: రెండిళ్ల వాళ్లూ ఇక్కడే. తిండి అయ్యాక అందరికీ మాత్ర. జిపార్ కడుపుతో లేదు, అడిగాను. ఉంటే డాక్టరును అడక్కుండా ఇవ్వకూడదు. మొదటి మాత్ర నాది, అందరూ చూస్తుండగా. నా ఒళ్లు పొడిబారడం వయసు వల్ల కాదు.

3. మర్నాడు పొద్దున్నే అందరికీ స్నానం, ఉతికిన లోబట్టలు. దుప్పట్లు, గలీబులు మెల్లగా చుట్టి మరిగే నీళ్లలో వేయాలి. పరుపులు దులపకుండా ఎండకు. ఈ పని జిపార్‌ది. నేను ఆ గదిలోకి వెళ్లకూడదు.

4. అదినాయ్ గోళ్లు అదే తీసుకోవడం నేర్చుకోవాలి. నేను చూడకూడదు. ఒక్కసారి చూస్తాను.

5. నర్సమ్మకు ఆ పత్రం వెనక్కివ్వాలి. స్నానం చేయించి తెచ్చానని చెప్పాలి. మందు వేశాక కడగని టేపుతో కొత్త పరీక్ష.

6. సెప్టెంబరు 2, సోమవారం: బడి మొదలు. తెల్ల రిబ్బన్లు జిపార్ కట్టాలి. నేను వెనక వరసలో.

7. సెప్టెంబరు 6, శుక్రవారం: నారిన్‌లో రెండో మాత్ర. ఎవరికీ మినహాయింపు లేదు.

8. జిపార్‌ను వదినా అనక్కర్లేదని అదినాయ్‌కి చెప్పాలి. చెప్పవలసింది నేనే. మరి ఇద్దరినీ అమ్మా అంటే ఎవరు పలకాలి అని అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. దగ్గరున్నవాళ్లు అని చెప్పాలి.